రోమన్ అంకెలతో గుణకారం: మనవరాలికి ఒక ఉత్తరం

చిరంజీవి మనవరాలికి, తాతయ్య ఆశీస్సులు.

23ను 16తో రోమన్ అంకెల్లో గుణించమంటే, నీవు రెండింటినీ మన అంకెల్లోకి మార్చి, గుణించి, వచ్చిన 368ని తిరిగి రోమన్‌లో రాసి పంపావు. జవాబు సరైనదే గాని, అందులో రోమన్ గుణకారం లేదు. ఇన్నేళ్లు లెక్కలు చెప్పిన అనుభవంతో అంటున్నాను, ఇక్కడ తడబడేవాళ్లందరూ రోమన్ అంకెలుగా వాడే అక్షరాల్లో ఒకట్ల స్థానం, పదుల స్థానం వెతుకుతారు. అక్కడ స్థానాలు లేవు.

ఆ అక్షరాలను గల్లాపెట్టెలోని డబ్బుగా చూడు. ఐ అంటే రూపాయి, వి అయిదు, ఎక్స్ పది, ఎల్ యాభై, సి వంద, డి అయిదువందలు, ఎం వెయ్యి. (వెయ్యి నోటు 2016లో రద్దయింది కాబట్టి, ఎం కోసం మాత్రం మీ నాన్న చిన్నప్పటి గల్లాపెట్టెను ఊహించుకోవాలి.)

గుణించే ముందు తీసివేత రూపాలను, అంటే పెద్ద అక్షరానికి ముందు చిన్నది పెట్టి తగ్గించే రూపాలను, విప్పెయ్యి. తొమ్మిదిని ఎక్స్‌కు ముందు ఐ పెట్టి కాక, ఒక వి, నాలుగు ఐలుగా రాసుకో. ఇది తప్పేమో అని సందేహించకు. రోమ్ నగరంలోని కొలోసియం 44వ ద్వారం మీద నలభైని తీసివేత పద్ధతిలోనే చెక్కినా, నాలుగును మాత్రం నాలుగు గీతలుగానే చెక్కారు.

పదితో గుణిస్తే ఐ ఎక్స్ అవుతుంది, ఎక్స్ సి అవుతుంది, సి ఎం అవుతుంది. అలాగే వి ఎల్‌గా, ఎల్ డిగా మారుతాయి. అయిదుతో గుణిస్తే ఐ, ఎక్స్, సి వరుసగా వి, ఎల్, డి అవుతాయి. జాగ్రత్త పడవలసినది వి, ఎల్ లాంటి అయిదు జాతి అక్షరాలు రెండు ఎదురైనప్పుడే: విని వితో గుణిస్తే రెండు ఎక్స్‌లు, ఒక వి; విని ఎల్‌తో గుణిస్తే రెండు సిలు, ఒక ఎల్; ఎల్‌ను ఎల్‌తో గుణిస్తే రెండు ఎంలు, ఒక డి. ఏడో ఎక్కం, ఎనిమిదో ఎక్కం నోటికి రానివాళ్లు కూడా ఇంతమాత్రంతో ఇలాంటి గుణకారాలు చేయగలరు.

ఇప్పుడు నీ లెక్కే తీసుకుందాం. 23 అంటే రెండు ఎక్స్‌లు, మూడు ఐలు. 16 అంటే ఎక్స్, వి, ఐ ఒక్కొక్కటి. ఎక్స్‌తో గుణిస్తే రెండు సిలు, మూడు ఎక్స్‌లు వస్తాయి. వితో రెండు ఎల్‌లు, మూడు విలు. ఐతో ఉన్నవే మళ్లీ, రెండు ఎక్స్‌లు, మూడు ఐలు. అన్నీ ఒకచోట పోస్తే రెండు సిలు, రెండు ఎల్‌లు, అయిదు ఎక్స్‌లు, మూడు విలు, మూడు ఐలు. ఇక మిగిలింది చిల్లరను నోట్లుగా మార్చడమే. దాన్ని ఎప్పుడూ చిన్నవాటి వైపు నుంచే మొదలుపెట్టు, లేకపోతే ఒకసారి మార్చినదాన్ని మళ్లీ మార్చవలసి వస్తుంది. మూడు విలలో రెండు కలిసి ఒక ఎక్స్ అయి, ఒక వి మిగిలింది. ఎక్స్‌లు ఆరయ్యాయి, అయిదింటికి ఒక ఎల్ వచ్చి, ఒకటి మిగిలింది. ఎల్‌లు మూడయ్యాయి, రెండింటికి ఒక సి. చివరకు మూడు సిలు, ఒక ఎల్, ఒక ఎక్స్, ఒక వి, మూడు ఐలు తేలాయి. చూడు, 368 ఎక్కడా రాకుండానే 368 వచ్చింది.

రోమన్లు కూడా లెక్కను పలకమీద రాళ్లతో చేసుకుని, తేలిన ఫలితాన్ని అక్షరాల్లో రాసుకునేవారు. వారి కంచు లెక్కపలకల్లో గాడికి కింద నాలుగు, పైన ఒకటి చొప్పున పూసలుండేవి. ఆ పైపూస ఒక్కటి అదే గాడిలోని కింది పూసలు అయిదింటికి సమానం. లాటిన్‌లో కాల్‌క్యులస్ అంటే చిన్న రాయి అనే అర్థం. అందుచేత నీవు కూడా కాగితం పక్కన పెట్టి, నేలమీద ఏడు గళ్లు గీసి చింతగింజలతో చెయ్యి. మార్చిన గింజ చేతిలోకి వచ్చేస్తుంది కాబట్టి కొట్టివేతల గందరగోళం ఉండదు.

తరువాత 64ను 55తో గుణించి పంపు. అందులో ఎల్‌కు ఎల్ ఎదురవుతుంది. జవాబు ఒక్కటే వద్దు. చిల్లర మార్చక ముందు ఏ గడిలో ఎన్ని గింజలున్నాయో కూడా రాయి.

ఇట్లు,
తాతయ్య