పాత డీజిల్ బండి లాగడం లేదు, మైలేజీ పడిపోయింది: ఇంజన్ దించే ముందు ఇవి చూడండి

అన్నా, 2008 డీజిల్ బండి, లీటరుకి 14 కిలోమీటర్లు ఇచ్చేది 9కి పడిపోయిందని, ఉదయగిరి దారిలో ఎత్తు తగిలితే లాగడం లేదని రాశారు. ఒకాయన డీజిల్ పంపు అన్నాడు, ఇంకొకాయన టర్బో (ఇంజన్‌లోకి గాలిని నెట్టేది) అన్నాడు, మూడో ఆయన బోరు (సిలిండర్ లోపలి గోడ) పోయింది, ఇంజన్ దించాల్సిందే అన్నాడు. ఇంజన్ మాత్రం అప్పుడే దించనీయొద్దు. నాదీ పాత టర్బో డీజిల్ బండే, 2009 మోడలు, ఇదే తంతు నాకూ నడిచింది. మూడు నెలలు తిరిగాక తేలిందేందంటే, దానికి జబ్బులు రెండు. ఒక్కటేననుకుని వెతకబట్టే అన్నాళ్ళు దొరకలేదు.

మాది చీమకుర్తి. క్వారీ దుమ్ములో ఒంగోలు పోయి రావడమే బండి పని. శ్రీశైలం పోదామని ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని దోర్నాల దాటి ఘాట్ ఎక్కేటప్పుడు బయటపడింది. ఎప్పుడూ థర్డ్ గేర్‌లో పొయ్యేచోట సెకండ్ అడిగింది. తొక్కేకొద్దీ వెనకాల నల్లపొగే గానీ బండిలో ఊపు లేదు. మా ఆవిడ "దిగి నెట్టమంటారా" అంది.

తిరిగొచ్చి ఒక షెడ్డులో చూపిస్తే, బోనెట్ ఎత్తీ ఎత్తకముందే బోరు అరిగింది, 45 వేలవుద్దన్నాడు. నాకు నమ్మకం కుదర్లేదు. ఆయిల్ తగ్గడం లేదు, నీలం పొగ లేదు, పొద్దున్నే ఒక్క సెల్ఫుకే స్టార్టవుతా ఉంది. ఇంజన్ ఆన్‌లో పెట్టి ఆయిల్ పోసే మూత తీసి చూస్తే బ్యాక్ కంప్రెషన్, అంటే లోపల్నుంచి పొగ, గాలి తన్నుకు రావడం కూడా పెద్దగా లేదు. మీ బండిలో ఈ నాలుగూ బాగుంటే బోరు మాట పక్కనపెట్టండి. మెకానిక్ పట్టుబడితే సిలిండర్ లోపలి ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజీ పెట్టి ఒక్కో సిలిండర్ రీడింగ్ చూపించమనండి. గేజీ లేదన్న షెడ్డులో ఇంజన్ దించే పని నేనైతే చేయించను.

చివరికి దొరికింది లారీల షెడ్డులో. ఆ పెద్దాయన పానా కూడా పట్టుకోలేదు. నన్ను సీట్లో కూర్చోబెట్టి రేస్ చేయమని, టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కి పొయ్యే రబ్బరు హోస్ కింద చెయ్యి పెట్టాడు. "ఇదిగో, గాలి ఈడ పోతా ఉండాది" అన్నాడు. క్లిప్పు పక్కన, అడుగువైపు, వేలెడంత చీలిక. ఇంజన్ ఆపితే మూసుకుపోతుంది, పైనుంచి ఎన్నిసార్లు చూసినా కనపడదు. ఆ చుట్టూ నూనె తడికి దుమ్ము అంటుకుని నల్లగా జిడ్డు కట్టి ఉంది, అదే గుర్తు. మనం తొక్కేకొద్దీ పంపు డీజిల్ పోస్తానే ఉంటుంది, దాన్ని కాల్చాల్సిన గాలేమో చీలికలోంచి బయటికి పోతుంది. సరిగ్గా కాలని డీజిలే ఆ నల్లపొగ. కొత్త హోసు, కూలీ కలిపి రెండు వేల లోపే అయింది.

కాబట్టి మీది నల్లపొగైతే ముందు ఈ హోసులు, ఎయిర్ ఫిల్టర్ చూడండి. ఫిల్టర్‌ని కంప్రెసర్‌తో పదేపదే ఊదించి వాడుకోవద్దు. కాగితం ఎక్కడో చిన్న చిల్లు పడితే చాలు, దుమ్ము లోపలికి పోయి అప్పుడు నిజంగానే బోరు అరుగుతుంది. పొగ లేకుండానే లాగకపోతే డీజిల్ అందడం లేదేమో చూడాలి: డీజిల్ ఫిల్టర్ మార్చి, దాని అడుగున చేరిన నీళ్ళు వదిలించండి. ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు, పంపు ఆ తర్వాతే. ఇంజన్ అరుస్తా ఉండి స్పీడు పెరగకపోతే అది క్లచ్ ప్లేటు జారడం.

ఇక రెండో జబ్బు. హోస్ మార్చాక పికప్ పూర్తిగా వచ్చింది గానీ, మైలేజీ మాత్రం 9.5 నుంచి 11కే వచ్చింది. నా బండి మంచి రోజుల్లో 13 ఇచ్చేది. ఒకరోజు ఎక్కువ బ్రేక్ కొట్టకుండా ఇరవై కిలోమీటర్లు నడిపి దిగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశా. వెనక ఎడమ చక్రం కాలిపోతా ఉంది! జాకీ పెట్టి ఎత్తి తిప్పితే అర చుట్టు కూడా తిరగలేదు. హ్యాండ్‌బ్రేక్ కేబుల్ తుప్పు పట్టి, వదిలినా వెనక్కి రావడం లేదు, బ్రేక్ డ్రమ్ముని పట్టే ఉంచింది. కొత్తపట్నం బీచికి నెలకోసారి పోతాం, ఆ ఉప్పుగాలికే పట్టిందని నా అనుమానం. కేబుల్ మార్చి డ్రమ్ములు శుభ్రం చేయించాక 12.5కి వచ్చింది.

మీటర్ ముల్లు చూసి మైలేజీ లెక్క కట్టొద్దు. ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, నాజిల్ దానంతటది ఆగేదాకా ట్యాంకు నింపి, 200 కిలోమీటర్లు పైగా నడిపి, మళ్ళీ అట్టాగే నింపి భాగించండి. హోస్ మార్చకముందు నేను ఒంగోలు నుంచి నెల్లూరు పోయి తిరిగొచ్చి చూసుకున్నా: 238 కిలోమీటర్లకి 25 లీటర్లు, అంటే 9.5. టైర్లు ఈమధ్య పెద్ద సైజువి వేయించి ఉంటే మీటరే తక్కువ తిరుగుతుంది, హైవే కిలోమీటరు రాళ్ళతో సరిచూసుకోండి.

13కి 12.5 దాకా వచ్చింది గానీ, ఆ మిగిలిన అర కిలోమీటరు నాకింకా దొరకలేదు. ఏసీ అంటాడు మెకానిక్కు, నా కాలు అంటుంది మా ఆవిడ.