సినిమా పరిచయాలు లేకుండా సొంత పాటలతో తెలుగులో నిలదొక్కుకోవచ్చా?

ఖమ్మం నుంచి వచ్చి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నారు. పాట మీరే రాసుకుని, బాణీ కట్టుకుని, గిటార్ మీద పాడతారు. ఇండస్ట్రీలో తెలిసినవాళ్లు లేరు. ఉద్యోగం మానేసి ఒక ఏడాది దీని మీదే కూర్చుంటే ఎలా ఉంటుందని అడిగారు.

ఇప్పుడే మానకండి. నెల తిరిగేసరికి అద్దె కట్టాలన్న టెన్షన్ పట్టుకుంటే ముందు దెబ్బ తినేది పాటే. ఎవరు ఏ ఒప్పందం కాగితం తెచ్చినా సంతకం పెట్టేస్తాం. ఈ రంగంలో కొత్తవాళ్లు అసలు పోగొట్టుకునేది ఆ కాగితం దగ్గరే, వ్యూస్ రాకపోవడం వల్ల కాదు. అందుకే ఈ జవాబులో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

ముందు డబ్బు సంగతి. నాది వరంగల్, ఉండేది హైదరాబాద్‌లో. సొంత పాటలు విడుదల చేస్తుంటాను గానీ ఇల్లు గడిచేది వాటి మీద కాదు. సాయంత్రం గిటార్ క్లాసులు, ముహూర్తాల సీజన్‌లో సంగీత్‌లు, కాలేజీ ఫెస్ట్‌లు, అప్పుడప్పుడు ఏ బట్టల షాపు యాడ్‌కో ఒక చిన్న పాట, జింగిల్ అంటారు. స్ట్రీమింగ్‌లో వచ్చేది గిటార్ తీగలు కొనుక్కోవడానికి సరిపోతుంది, అంతే. స్పాటిఫైలో 2024 నుంచి ఒక పాటను గడిచిన 12 నెలల్లో కనీసం 1,000 సార్లు వినకపోతే ఆ పాట రికార్డింగ్‌కు రాయల్టీయే లెక్కకట్టరు. యూట్యూబ్‌లో యాడ్ల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లతో పాటు ఏడాదిలో 4,000 గంటల వాచ్ టైమ్ ఉండాలి, లేదంటే 90 రోజుల్లో షార్ట్స్‌కు కోటి వ్యూస్ రావాలి. మొదటి ఏడాది ఈ రెండింటి మీద ఆశ పెట్టుకోవద్దు. అలాగని అప్‌లోడ్ చేయడం మానొద్దు. సంగీత్‌కు పిలిచేవాళ్లు ముందు అడిగేది "అన్నా, యూట్యూబ్‌లో మీ వీడియో ఒకటి పంపండి" అనే.

ఇంకో విషయం. ఇండిపెండెంట్ మ్యూజిక్ అనగానే మనకు కేఫ్‌లో గిటార్ పట్టుకున్న కుర్రాడు గుర్తొస్తాడు. తెలుగులో సినిమా బయట గట్టిగా నడుస్తున్న మార్కెట్ జానపదం, భక్తి పాటలు. కరీంనగర్, వరంగల్ వైపు యూట్యూబ్ ఛానళ్లు బోనాలకు, బతుకమ్మకు, అయ్యప్ప మాలల సీజన్‌కు నెలల ముందే పాటలు రెడీ చేసుకుంటాయి. బరాత్‌లో డీజే వేసే పాటలు కాసేపు చెవి పెట్టి వినండి, సినిమావి కానివి ఎన్నో దొరుకుతాయి. మీరు రాసేది ఆ తరహా కాకపోయినా ఆ ప్రపంచం ఎలా నడుస్తుందో తెలుసుకోండి. పల్లె యాసనూ గిటార్‌నూ కలిపి యూట్యూబ్‌లో పేరు తెచ్చుకున్న చౌరస్తా బ్యాండ్ మన హైదరాబాద్‌దే. అందులోంచి వచ్చిన రామ్ మిరియాల తర్వాత సినిమాలకు పాడారు, సంగీతం కూడా చేశారు.

ఇక ఆ కాగితం. నేను రాసి పాడిన ఒక పాట ఒక ఛానల్ వాళ్లకు నచ్చింది. ఒకేసారి ఇంత ఇస్తామన్నారు. ఒప్పందం పేజీన్నర ఉంది. అందులో ఒక వాక్యం చూడండి: "సదరు పాట యొక్క సర్వహక్కులు, ప్రపంచవ్యాప్తంగా, శాశ్వతంగా, ప్రస్తుతం ఉన్న మరియు ఇకమీదట రాబోయే సమస్త మాధ్యమాలలో..." అదేమిటని అడిగితే, "అందరూ పెట్టేదే అన్నా, డిస్క్రిప్షన్‌లో రైటర్‌గా మీ పేరు వేస్తాం కదా" అన్నాడు ఆ ఛానల్ తమ్ముడు. పేరు వేయడం వాళ్లు చేసే ఉపకారమేం కాదు. రాసినవాడి పేరు రాసినవాడిదని కాపీరైట్ చట్టమే చెబుతుంది, హక్కులు అమ్మేసినా సరే. నేను అడిగింది ఒక్కటే: రికార్డింగ్, వీడియో మీవి, సాహిత్యం, బాణీ నావి. చాలా సాగదీశారు. చివరికి డబ్బు తగ్గించి ఒప్పుకున్నారు. తర్వాత ఒక పెళ్లి వీడియోగ్రాఫర్ అదే పాట వేరే గొంతుతో, నెమ్మదిగా చేయించుకుంటానని వచ్చాడు. ఎవరినీ అడగాల్సిన పని లేకుండా ఇచ్చాను, దానికి మళ్లీ డబ్బు తీసుకున్నాను. తగ్గించిన దానికంటే ఎక్కువే వచ్చింది.

అంటే ఒక పాటలో రెండు ఆస్తులున్నాయి. మాట, బాణీ కలిపి ఒకటి. దాన్ని పాడి రికార్డు చేసిన ఆడియో ఇంకొకటి. కాగితంలో "పాట" అని ఒకే ముక్కలో రాశారంటే రెండూ తీసుకుంటున్నారని అర్థం. 2012లో చట్టాన్ని సవరించాక రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాను కంపెనీకి రాసివ్వడం కుదరదు. వదులుకుంటున్నానని సంతకం చేసినా అది చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో మాత్రమే ఇవ్వగలరు. హక్కులు ఎంతకాలానికో ఒప్పందంలో రాయకపోతే 5 ఏళ్లకే అని లెక్క, ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే. "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా" అని అంత శ్రద్ధగా రాసుకునేది అందుకే. ఆ రెండు మాటలు కొట్టేయించి కాలపరిమితి వేయించగలిగితే సగం పని అయినట్టే. మీ మాట వినకపోతే లేచి వచ్చేయడానికి చేతిలో జీతం ఉండాలి. ఉద్యోగం మానొద్దన్నది ఇందుకే.

ఆ రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ ఐపీఆర్ఎస్ (ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీ). 1969 నుంచి ఉన్న సంస్థ, రచయితలకు, స్వరకర్తలకు. పాట విడుదలయ్యాక సభ్యత్వం తీసుకుని, ప్రతి పాటనూ అక్కడ నమోదు చేయండి. సభ్యత్వం తీసుకుని పాటలు నమోదు చేయనివాళ్లు చాలామంది ఉంటారు, వాళ్లకు ఏమీ రాదు. గాయకులకు వేరే సొసైటీ ఉంది, అది తర్వాత చూసుకోవచ్చు.

స్నేహితుల దగ్గర కూడా ఇదే పద్ధతి. మ్యూజిక్ ప్రోగ్రామింగ్, అంటే కంప్యూటర్‌లో వాయిద్యాలు కూర్చిపెట్టిన ఫ్రెండ్‌కు డబ్బిస్తున్నారా, వాటా ఇస్తున్నారా, రెండూనా? పాట బయటికి రాకముందే వాట్సాప్‌లో రాసి, "ఓకే మామా" అని రిప్లై తెప్పించుకోండి. అడగడానికి మొహమాటంగా ఉంటుంది, నిజమే. పాట హిట్టయ్యాక అడిగితే ఇంకా ఇబ్బందిగా ఉంటుంది.

రికార్డింగ్ గురించి ఎక్కువ చెప్పను. మైక్‌ను కంప్యూటర్‌కు కలిపే ఒక ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైక్, హెడ్‌ఫోన్స్ చాలు. బట్టలున్న బీరువా తలుపులు తెరిచి దాని ముందు నిలబడి, వెనకాల దుప్పటి వేలాడదీసి పాడండి. నేను గొంతు రికార్డు చేసేది అపార్ట్‌మెంట్‌లో నీళ్ల మోటారు ఆపేశాక, ఫ్యాన్ కట్టేసి. మే నెలలో అదొక తపస్సు. గొంతునూ వాయిద్యాలనూ సమపాళ్లలో కలిపే మిక్సింగ్‌కు మాత్రం డబ్బు పెట్టండి, అది సొంతంగా నేర్చుకునేసరికి మీ పాటలు పాతబడతాయి.

విడుదల డిస్ట్రిబ్యూటర్ ద్వారా, అంటే పాటను స్పాటిఫై లాంటి యాప్‌లకు చేర్చే కంపెనీ ద్వారా చేస్తారు. డిస్ట్రోకిడ్, ట్యూన్‌కోర్ లాంటివి ఉన్నాయి. వాళ్లు ప్రతి రికార్డింగ్‌కు ఐఎస్ఆర్‌సీ అని 12 అక్షరాల కోడ్ ఇస్తారు, దాన్ని దాచుకోండి. రేపు డిస్ట్రిబ్యూటర్‌ను మార్చినా అదే కోడ్ వాడితేనే ఎన్నిసార్లు విన్నారన్న పాత లెక్క నిలుస్తుంది. మీ పేరు ఇంగ్లిష్ స్పెల్లింగ్ ఒకటే ఖాయం చేసుకోండి. మన పేర్లతో ఇదో పెద్ద తలనొప్పి. అదే పేరున్న ఇంకో సాయి ఎవరో పాడిన డీజే రీమిక్స్ మీ పేజీలో వచ్చి కూర్చుంటుంది. పాటను మూడు నాలుగు వారాల ముందే అప్‌లోడ్ చేయండి. స్పాటిఫై ప్లేలిస్ట్ ఎడిటర్లకు పంపడానికి విడుదలకు కనీసం 7 రోజుల ముందైనా పాట అక్కడ కనిపించాలి. అమెరికా కంపెనీల డబ్బు కాబట్టి అక్కడి పన్ను ఫారం ఒకటి అడుగుతారు. అందులో భారత్‌తో ఉన్న పన్ను ఒప్పందాన్ని చూపిస్తే అక్కడి రాయల్టీ మీద 15 శాతమే పట్టుకుంటారు, ఖాళీగా వదిలేస్తే ఇంకా ఎక్కువ పోతుంది.

కవర్ సాంగ్స్, అంటే వేరేవాళ్ల పాటలు మన గొంతుతో పాడి పెట్టడం, చేయాలా అనీ అడిగారు. చేయండి, మీరెవరో జనానికి తెలియడానికి పనికొస్తాయి. డబ్బు మాత్రం సాధారణంగా ఆ పాట హక్కులున్న మ్యూజిక్ కంపెనీకే వెళ్తుంది.

స్టేజీ అనుభవానికి ఎవరైనా వెళ్లి పాడగలిగే లామకాన్ ఓపెన్ మైక్‌లతో మొదలుపెట్టండి. బంజారాహిల్స్‌లో 2010లో మొదలైన సాంస్కృతిక వేదిక అది. అక్కడికి వచ్చేవాళ్లు కూర్చుని వింటారు. సంగీత్‌లో అలా ఉండదు. రెండో పాటకే "బ్రో, ఏదైనా మాస్ పాట వేయండి" అని చీటీ వస్తుంది. నేను చేసేదేమిటంటే, అందరికీ తెలిసిన రెండు సినిమా పాటలు పాడి, అదే శ్రుతిలో, అదే తాళంలో ఆగకుండా నా పాటలోకి వెళ్లిపోతాను. "ఇప్పుడు నేను రాసిన పాట" అని మైక్‌లో చెప్పానంటే సగం మంది బిర్యానీ కౌంటర్ వైపు నడుస్తారు. పాట అయిపోయాక చెబుతాను, అప్పుడు ఎవరో ఒకరు ఫోన్ తీసి పేరు అడుగుతారు. బయానా తీసుకోకుండా మాత్రం ఏ డేటూ ఖాయం చేయొద్దు, బంధువుల పెళ్లయినా సరే. కంపెనీ ఈవెంట్లలో మీకిచ్చే డబ్బులోంచి ముందే పన్ను (టీడీఎస్) పట్టుకుంటారు, పాన్ ఇచ్చి రిటర్న్ వేస్తే పన్ను పడనంత ఆదాయానికి అది తిరిగి వస్తుంది.

మరి ఉద్యోగం ఎప్పుడు మానాలి? మన పని పంచాంగం మీద నడుస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. మూఢం వచ్చిందంటే నెలల తరబడి ముహూర్తాలుండవు, సంగీత్‌లూ ఉండవు. మాఘమాసంలో వచ్చిన డబ్బు చూసి రాజీనామా ఇచ్చినవాళ్లు నాకు తెలుసు. మీరు ఒక ఆషాఢం, ఒక మూఢం జీతం ముట్టుకోకుండా, క్లాసులు, జింగిల్స్, పాత పాటల మీద వచ్చే దానితోనే అద్దె కట్టి చూడండి. కట్టగలిగితే నోటీసు పీరియడ్ ఎన్నాళ్లో హెచ్ఆర్‌ను అడగొచ్చు. ఈలోగా ఎవరైనా ఒప్పందం పంపితే సంతకానికి ముందు మీ పేరు తీసేసి, ఆ హక్కుల పేరా మాత్రం ఇక్కడే కింద పెట్టండి, చూసి చెబుతాను.