నాన్న పికప్‌ని కొత్తగా చేయాలా, ఉన్నది ఉన్నట్టు ఉంచాలా?

ప్రశ్న: నమస్తే అండి. మా నాన్నగారి పికప్ ఒకటి ఉంది, పెట్రోల్ బండి, నలభై ఏళ్ళ పైదే. నాన్న పోయాక ఆరేళ్ళుగా షెడ్డులో అలాగే పడి ఉంది, ఎవరూ స్టార్ట్ కూడా చేయలేదు. ఇప్పుడు మా తమ్ముడు మొత్తం విప్పేసి శాండ్ బ్లాస్టింగ్ (ఇసుక కొట్టి పాత రంగు, తుప్పు రాల్చేయడం) చేయించి కొత్త రంగు కొట్టించి కొత్త ఇంజన్ ఎక్కిద్దాం అంటున్నాడు. అమ్మేమో ఒక్క గీత కూడా చెరపడానికి వీల్లేదంటోంది. డ్రైవర్ డోర్ లోపలి అంచు మీద నాన్న ఆయిల్ మార్చినప్పుడల్లా కిలోమీటర్లు పెన్నుతో రాసుకునేవారు, పదకొండు లైన్లున్నాయి, ఆవిడ గొడవంతా దాని గురించే. నాకైతే బండి మళ్ళీ రోడ్డెక్కితే చాలు, ఆదివారం అమ్మని ఎక్కించుకుని ఒక రౌండ్ వేసి రావాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలీట్లేదు, ఏం చేయమంటారు?

జవాబు: మీ ముగ్గురి మధ్య తీర్పు నేను చెప్పలేను గానీ, జవాబు సగం మీ ఉత్తరంలోనే ఉందండి. ఆదివారం అమ్మతో ఒక రౌండ్ అన్నారు కదా, అంటే ఈ బండి లోడు మోయదు, రోజూ ఆఫీసుకి పోదు, పోటీల్లో నిలబడదు. అలాంటి బండికి బ్రేకు పడాలి, స్టీరింగ్ మాట వినాలి, పెట్రోల్ కారకూడదు, అంతే. కాబట్టి నా ఓటు ఏంటంటే, కిందంతా పూర్తిగా రిపేర్ చేయండి, పైన మాత్రం చెయ్యి పెట్టకండి. కనీసం మొదటి ఏడాది. రంగు వచ్చే ఏడాదైనా వేసుకోవచ్చు, ఒకసారి గీకేసిన పాత రంగుని మాత్రం ఏ పెయింటరూ తిరిగి తేలేడు. ఈ ముక్క తమ్ముడికి చెప్పి చూడండి, "వద్దు" అనకుండా "తర్వాత" అనండి, గొడవ సగం తగ్గుద్ది.

అయితే ఇదంతా ఛాసిస్, అంటే బండి బరువంతా మోసే కింది ఇనుప ఫ్రేము, బాగుంటేనే. బండిని జాకీ మీదే వదిలేసి కిందకి దూరకండి, స్టాండ్లు పెట్టండి, ఆ తర్వాత ఒక పాత స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి, టార్చి పట్టుకుని దూరండి. రెండు వైపులా పొడుగ్గా వెళ్ళే రెయిళ్ళని జానెడు జానెడు దూరంలో తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము టంగుమంటుంది, లోపల తినేసిన చోట డబ్బుమని చచ్చిన సౌండ్ వస్తుంది, అక్కడ స్క్రూడ్రైవరుతో పొడవండి. ఎర్రగా పౌడర్‌లా ఉన్న తుప్పుకి భయపడక్కర్లేదు, వైరు బ్రష్‌తో పోతుంది. పొరలు పొరలుగా పెచ్చులూడుతుంటే ఆలోచించాలి. స్క్రూడ్రైవరు లోపలికి దిగిపోయిందంటే, అదీ కమాన్ పట్టీలు తగిలించే బ్రాకెట్ల దగ్గర దిగిపోతే, మిగతా ప్లాన్లన్నీ ఆపి ముందు ఛాసిస్ పని తెలిసిన వెల్డర్ని పిలవండి. మట్టి పేరుకునేది సరిగ్గా అక్కడే. క్యాబిన్ వెనక మూలలు, డోర్ల కింది అంచు, కాళ్ళ దగ్గర ఫ్లోరు, క్యాబిన్‌కీ లోడు బాడీకీ మధ్య సందు, ఇవి కూడా చూడండి. పైన రేకు మీద పల్చటి గుడ్డ వేసి అయస్కాంతం జరుపుతూ పోతే అంటుకోని చోట కింద మందంగా పుట్టీ ఉన్నట్టు. ఛాసిస్ నంబరు ఎక్కడుందో చూసి ఫొటో తీసి పెట్టుకోండి, గ్రైండర్ పట్టుకున్న కుర్రాడికి అది నంబరో తుప్పో తెలీదు.

ఇంజన్ సంగతి. ఆరేళ్ళు ఆగిన ఇంజన్‌కి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టాలని చెయ్యి దురద పెడుతుంది, దయచేసి కొట్టకండి. ప్లగ్గులు విప్పి ఒక్కో సిలిండర్లో రెండు స్పూన్లు పల్చటి ఆయిల్ పోసి రెండు మూడు రోజులు వదిలేయండి, తర్వాత ముందు పుల్లీ బోల్టుకి పానా పెట్టి చేత్తో తిప్పండి. తిరిగితే సగం గెలిచారు. గట్టిగా పట్టేస్తే పైపు తొడిగి బలంగా లాగొద్దు, మళ్ళీ ఆయిల్ పోసి ఇంకో వారం ఆగండి. తిరిగాక కొత్త ఆయిల్ పోసి, స్టార్ట్ అయ్యి వేడెక్కాక గేజ్ పెట్టి కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ లోపల ఎంత ఒత్తిడి వస్తోందో, చూడండి. సిలిండర్ల మధ్య తేడా 10-15 శాతం లోపు ఉంటే ఆ ఇంజన్ విప్పడమే దండగ. ఒక్క సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే అందులో చెంచాడు ఆయిల్ పోసి మళ్ళీ చూడండి, పెరిగితే రింగులు పోయినట్టు, పెరక్కపోతే ఎక్కువగా వాల్వుల తేడా. తమ్ముడి కొత్త ఇంజన్ ఐడియా అక్కడితో తేలిపోతుంది, వాదన అక్కర్లేదు.

ట్యాంకులో పాత పెట్రోల్ స్టార్ట్ చేయకముందే మొత్తం తీసేయాలి, వాసన చూస్తేనే తెలుస్తుంది, వార్నిష్ కంపు కొడుతుంది. ట్యాంకుకి చిల్లుంటే ఖాళీగానే ఉంది కదా అని వెల్డింగ్ పెట్టించకండి, లోపల మిగిలిన ఆవిరికే పేలుతుంది. రబ్బరు పైపులన్నీ మార్చేయండి, ఇప్పుడు చాలాచోట్ల పెట్రోల్‌లో ఇథనాల్ కలుపుతున్నారు, పాత రబ్బరు దానికి తట్టుకోదు.

బ్రేకుల్లో పొదుపు వద్దు. వీల్ సిలిండర్లు, హోసులు, మాస్టర్ సిలిండర్ వాషర్లు అన్నీ ఒకేసారి మార్చండి, ఎందుకంటే మామూలు బ్రేక్ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఆరేళ్ళలో పైపుల లోపల తుప్పు పట్టించే ఉంటుంది. బ్రేక్ ఆయిల్ రకాల్లో డాట్ 5 అనేది సిలికాన్‌ది, డాట్ 3, డాట్ 4 లతో దాన్ని కలపకూడదు. మీది సింగిల్ సర్క్యూట్ మాస్టర్ సిలిండర్ అయితే, అంటే నాలుగు చక్రాల బ్రేకులకీ ఒకే ఆయిల్ లైను అయితే, ఒక్క చోట లీకైనా పెడల్ మొత్తం నేలకి తగులుతుంది, దాన్ని డబుల్ సర్క్యూట్‌కి మార్పించుకోండి. ఒరిజినల్‌గానే ఉంచాలి అని పట్టుబట్టేవాళ్ళలో నేనూ ఒకణ్ణే గానీ ఈ ఒక్క దగ్గర నాకు ఏ పట్టింపూ లేదు, పక్క సీట్లో కూర్చునేది మీ అమ్మగారు. టైర్ల మీద గుండీలు అరక్కుండా బాగానే ఉన్నాయి కదా అనుకోకండి, పక్కన నాలుగంకెలుంటాయి, 2314 అంటే 2014లో 23వ వారం తయారీ, పదేళ్ళు దాటితే తీసేయడమే. మూడంకెలే ఉంటే అది 2000కి ముందుది, ఇంక ఆలోచించేదేం లేదు.

రంగు చివర్న అని ఎందుకంటున్నానంటే నేను ఒకప్పుడు మా మావయ్య వ్యానుకి ముందు రంగే వేయించా, అద్దంలా వచ్చింది, నెల తిరక్కుండా ఇంజన్ దించాల్సొచ్చి గొలుసు కొక్కెం ఊగి ఫెండర్ మీద జానెడు గీత పెట్టింది, ఆ పక్కనే వెల్డింగ్ నిప్పురవ్వలు పడి చుక్కలు చుక్కలుగా మాడింది. మావయ్య ఏమీ అనలేదు, అదే బాధ. మీ బండికి ఇప్పటికి కడిగి, మెత్తటి పాలిష్ పెట్టి, వాక్స్ రాస్తే చాలు. ఎక్కడైనా గీకాల్సొస్తే పొడిగా గీకకండి, ఆ కాలం రంగుల్లో సీసం ఉండొచ్చు, తడిపి మాస్క్ పెట్టుకుని రుద్దండి.

ఇక ఆ పదకొండు లైన్లు. మంచి వెలుతురులో ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి ఫొటోలు తీయండి. క్లియర్ కోట్ (రంగులేని వార్నిష్ లాంటి పూత) కొట్టి కాపాడదాం అని ఎవరైనా సలహా ఇస్తారు, వద్దు, అందులో థిన్నర్‌కి పెన్ను సిరా కరిగి పాకిపోతుంది. నేరుగా టేపు అంటించినా ఊడొచ్చేస్తుంది. పని జరిగినన్నాళ్ళూ మందపాటి కాగితం కప్పి, అక్షరాలకి దూరంగా అంచుల్లోనే టేపు వేయండి. కుదిరితే ఆ డోరే ఊడదీసి ఇంట్లో పెట్టేసుకోండి, అమ్మకి నిద్ర పడుతుంది. ఈసారి ఆయిల్ మార్చాక పన్నెండో లైను రాయాలా వద్దా అన్నది మాత్రం ఆవిణ్ణే అడగండి.

తమ్ముణ్ణి మొత్తం ఒకేసారి విప్పనివ్వకండి. నేను చూసిన ఆగిపోయిన బండ్లలో ఎక్కువ తుప్పుతో ఆగినవి కావు, డబ్బాల్లో బోల్టులు కలిసిపోయి ఆగినవి. బ్రేకులు విప్పితే బ్రేకులు బిగించాకే ఇంకోటి.

ప్రశ్న: తుప్పు మీద నేరుగా పూసే రస్ట్ కన్వర్టర్ నిజంగా పనిచేస్తుందా? మా పాత పికప్ డోర్ల కింద పూద్దామనుకుంటున్నా.

జవాబు: గట్టిగా అతుక్కున్న పల్చటి తుప్పు మీద పనిచేస్తుంది, అందులో ఉండే ఫాస్ఫారిక్ యాసిడో టానిక్ యాసిడో తుప్పుని నల్లటి గట్టి పొరగా మారుస్తుంది, దానిమీద ప్రైమర్ వేయాలి. పెచ్చుల మీద పూస్తే పెచ్చుతో పాటే ఊడుతుంది. డోర్ల కిందైతే అసలు తుప్పు లోపలి నుంచి బయటికొస్తుంది, బయట ఎంత పూసినా లాభం లేదు. ముందు డోర్ కింది అంచున నీళ్ళు పోయే చిన్న బెజ్జాలుంటాయి, మట్టితో మూసుకుపోయి ఉంటాయి, తీగతో పొడిచి తెరవండి, లోపల పూర్తిగా ఆరాక క్యావిటీ వాక్స్ (లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం స్ప్రే) కొట్టండి. వాక్స్ కొట్టాక మళ్ళీ ఆ బెజ్జాల్లో తీగ పెట్టి చూసుకోండి, సగం మంది వాక్స్‌తోనే వాటిని మూసేస్తారు.