కటికి జలపాతానికి వెళ్లే ముందు

చిట్టీ,

ఈ ఆదివారం స్నేహితులతో కటికి జలపాతానికి వెళ్తున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. వృక్షశాస్త్రం చదువుతూ తూర్పు కనుమలను పుస్తకాల్లోనే చూస్తావా అని నిన్ను దెప్పింది నేనే. సంతోషం పట్టలేకపోయాను. ఆ వెంటనే గుండె దడ మొదలైంది. వానాకాలంలో కటికి! రాత్రి నిద్ర పట్టక లేచి ఇది రాస్తున్నాను.

పొద్దున్నే అరకు రైలెక్కి బొర్రా గుహల దగ్గర దిగండి. అక్కడ జీపు మాట్లాడుకోండి, చివర కొంత నడక తప్పదు. పట్టున్న బూట్లు వేసుకో. చేతులు నిండా కప్పే చొక్కా తొడుక్కో, ఏజెన్సీ దోమలతో చెలగాటం వద్దు. రైలు పట్టాల మీద మాత్రం నడవకండి. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం తెచ్చే గూడ్సు బళ్లు ఆ మలుపుల్లో మీదికి వచ్చేదాకా కనిపించవు.

ఇక అసలు సంగతి. ఇది నీకు ఎప్పుడూ చెప్పలేదు.

1986 సెప్టెంబరు. నాకు ఇరవై ఆరేళ్లు, మీ నాన్నకు పదమూడు. జలపాతం కింద బండల మధ్య నీళ్లు మోకాలి లోతు కూడా లేవు. పైన ఎండ కాస్తోంది. వాణ్ని ఆడుకోమని వదిలేసి నేను ఒడ్డున అడ్డతీగ దగ్గర కూర్చున్నాను. మనం విస్తళ్లు కుట్టే అడ్డాకు దానిదే. ఆకు కొస నడిమికి చీలి పశువు గిట్టలా ఉంటుంది. లేత చిగురు తుప్పు రంగు నూగుతో మఖ్మల్‌లా మెత్తగా ఉంటుంది, నులితీగలు జంటలుగా చుట్ట చుట్టుకుంటాయి. ఆ జంటను పుస్తకంలో గీస్తుండగా నీళ్ల చప్పుడు మారింది. విన్నాను. వినీ, ఈ ఒక్క గీత పూర్తి చేసి లేద్దామనుకున్నాను.

తలెత్తేసరికి తేటగా ఉన్న నీరు ఎర్రమట్టి రంగుకు తిరిగింది. పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నాయి. ఎగువన అనంతగిరి కొండల్లో వాన పడింది, మా మీద చుక్క లేదు. “అక్కా, చూడు!” అంటూ మీ నాన్న నవ్వుతూ ఆ ఆకులను పట్టుకోబోతున్నాడు. నేను దిగి వాడి జబ్బ అందుకునేలోపే నీళ్లు నడుముకొచ్చాయి. కాలి కింద బండ జారింది. రెండో చేతికి దొరికింది అడ్డతీగే, నా మణికట్టంత లావున కిందికి వేలాడుతూ. దాన్ని పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. వాడి మోకాలి మీది మచ్చ సైకిల్ మీంచి పడితే వచ్చింది కాదు, చిట్టీ. ఆ బండకు చిట్లింది. ఇంట్లో సైకిల్ కథే చెప్పమని వాడి చేత ఒట్టు వేయించుకున్నది నేను.

అందుకే వేడుకుంటున్నాను. నీటి రంగు మారినా, చప్పుడు పెరిగినా, ఆకులు కొట్టుకొచ్చినా సంచీ, ఫోనూ అక్కడే వదిలేసి దగ్గరున్న ఎత్తుకు ఎక్కెయ్యండి. ఏరు దాటి అవతలి ఒడ్డుకు వెళ్లొద్దు, నీరు పెరిగితే తిరిగొచ్చే దారి ఉండదు. మబ్బు కోసం ఎగువ కొండల వైపు చూడు. ముందు రోజు పెద్ద వాన పడితే ప్రయాణం మానుకోండి. ఆ ఊరివాళ్లు వద్దంటే వద్దనే అర్థం. ఫోటో కోసం నాచు పట్టిన బండ ఎక్కావని తెలిస్తే నేను నీతో మాట్లాడను.

ఒడ్డున మాత్రం తనివితీరా చూడు. జీలుగు చెట్టు ఆకు చేప తోకలా ఉంటుంది, ఇట్టే పోల్చుకోవచ్చు. కాఫీ తోటల్లో నిటారుగా పెరిగిన సిల్వర్ ఓక్‌ను మన చెట్టని రాసుకోకు, అది నీడ కోసం నాటిన ఆస్ట్రేలియా చెట్టు. మొక్కలను వేళ్లతో పెకలించకు. రాలిన ఆకు చాలు.

అక్కడ దూకే నీరు గోస్తనిదే. చిన్నప్పుడు భీమిలిలో మా ఇద్దరి చేతులూ పట్టుకుని నువ్వు గంతులేసిన చోట సముద్రంలో కలిసేది ఆ నదే. ఆ రోజు నిన్ను నీళ్లలోకి దిగనివ్వలేదని ఏడ్చావు. మీ నాన్న ఒక్క మాటా అనకుండా నా వైపు చూశాడు.

లోయలో ఫోను పలకదు. బొర్రా స్టేషనుకు తిరిగి రాగానే ఒకసారి, విశాఖలో రైలు దిగాక ఒకసారి చెయ్యి. నేను మేలుకునే ఉంటాను.

మీ అత్తయ్య