కొత్త టెలిస్కోపుకి మొదట కొనాల్సింది ఫోన్ అడాప్టరే

మీ ప్రశ్న: "130 ఎంఎం న్యూటోనియన్ (అద్దంతో వెలుగు పోగుచేసే) టెలిస్కోపు కొన్నాను, ఫోకల్ లెంగ్త్ 650 ఎంఎం. పెట్టెలో 25, 10 ఎంఎం ఐపీస్‌లు (కన్ను ఆనించే లెన్సులు) వచ్చాయి. ఇప్పుడు బార్లో (రెట్లు పెంచే లెన్సు) కొనాలా, ఫిల్టర్లు కొనాలా, కెమెరా అడాప్టర్ కొనాలా?"

ఫోన్ అడాప్టర్ కొనండి, అంటే ఐపీస్‌కి ఫోన్‌ను బిగించే క్లాంప్. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. ఆకాశాన్ని కంటితోనే చూడాలి, ఫోన్ తగిలించడం పిల్లలాట అనే పెద్దమనుషులు మీకూ తగులుతారు. వాళ్లతో నేను ఏకీభవించను. టెలిస్కోపు ఇంట్లో ఒక్కరే చూసుకునే వస్తువుగా మిగిలిపోతే ఆర్నెల్లలో అటక ఎక్కుతుంది. నలుగురూ కలిసి చూసే టెలిస్కోపే బయటికి వస్తూ ఉంటుంది.

నాకు ఈ నమ్మకం 2020 డిసెంబరు 21న కుదిరింది. ఆ సాయంత్రం గురుడు, శని దాదాపు ఒకేచోట కనిపించాయి. వాటి మధ్య ఎడం నిండు చందమామ వెడల్పులో ఐదో వంతే. 1623 తర్వాత అవి అంత దగ్గరగా రావడం అదే, మళ్లీ అంత దగ్గరికి రావాలంటే 2080 దాకా ఆగాలి. రాజమండ్రిలో మా అపార్ట్‌మెంట్ డాబా మీద టెలిస్కోపు పెట్టాం. చీకటి పడ్డాక మహా అయితే గంటన్నర టైమ్ ఉంటుంది, ఆపైన రెండూ పడమట దిగిపోతాయి. జనం బాగానే వచ్చారు. కానీ అవి కరోనా రోజులు. ఒకరు కన్ను ఆనించిన ఐపీస్‌కి ఇంకొకరు కన్ను పెట్టడానికి భయం. మాస్కుతో వంగితే ఊపిరి పైకి తన్ని గాజంతా మసకబారుతోంది. ఒకాయన జేబులోంచి శానిటైజర్ జెల్ తీసి ఐపీస్ తుడవబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. ఆ జిడ్డు పొర గాజు మీద పడిందంటే ఇక ఆ రాత్రికి గ్రహాలు లేనట్టే.

అప్పుడు ఐపీస్‌కి క్లాంప్ బిగించి ఫోన్ తగిలించాం. మొదట తెర మీద కనిపించింది తెల్లటి ముద్దలు రెండు. చుట్టూ చీకటి ఎక్కువ కాబట్టి ఫోన్ తనంతట తాను వెలుగు పెంచేస్తుంది. ఆ ముద్ద మీద వేలు నొక్కి పట్టి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తును కిందికి లాగాలి. అలా లాగుతుంటే ఒక ముద్ద కోలగా మారి, దానికి వలయం విడివడి కనిపించింది. రెండో ముద్ద గుండ్రంగా తేలింది. మళ్లీ వెలుగు పెంచితే శని వలయం కలిసిపోయి, గురుడి పక్కన ఉపగ్రహాలు చుక్కల్లా వరసగా బయటపడ్డాయి. రెండూ ఒకేసారి రావు. పెంచుతూ తగ్గిస్తూ చూపించాం.

మా మూడో అంతస్తు మామ్మగారికి కంటి ఆపరేషన్ అయి ఎన్నో రోజులు కాలేదు, వంగకూడదన్నారు. కుర్చీ వేసి తెర ముందు కూర్చోబెట్టాం. ఆవిడ కాసేపు తల పక్కకి తిప్పుకునే ఉన్నారు.

"శనీశ్వరుణ్ణి ఎదురుగా చూడొచ్చా నాయనా?"

"చూడొచ్చు మామ్మగారూ. ఇంతమందిమి చూస్తున్నాం కదా."

చూశారు. "ఇది ఫోన్‌లో బొమ్మ కాదు కదా?" అన్నారు. మౌంట్‌కి (టెలిస్కోపు స్టాండుకి) ఉన్న మర కొంచెం తిప్పాను, తెర మీద గ్రహాలు రెండూ పక్కకి జరిగాయి. "ఏదీ, నన్ను తిప్పనీ" అని ఆవిడే మర అందుకున్నారు. ఆ తర్వాత ఇంకెవరికీ ఇవ్వలేదు. భూమి తిరుగుతుంటే గ్రహాలు తెర దాటిపోతాయి, ఆవిడ వెనక్కి తెచ్చేవారు. ఆ రెండూ కలిస్తే ఏ రాశికి ఏ కీడని అదే వారం టీవీల్లో గంటలకొద్దీ చెప్పి ఆవిడలాంటి వాళ్లను భయపెట్టారు. నాకు దాని మీద ఇప్పటికీ కోపమే.

అడాప్టర్ ఎలాంటిది కొనాలంటే, మూడు దిక్కులా మరలతో జరపగలిగేది. ఐపీస్ వెనక కాస్త దూరంలో వెలుగంతా ఒక చిన్న బిళ్లగా కలుస్తుంది, ఫోన్ లెన్సు సరిగ్గా అక్కడికి రావాలి. మీ 25 ఎంఎం ఐపీస్‌తో ఆ బిళ్ల 5 ఎంఎం, 10 ఎంఎం ఐపీస్‌తో 2 ఎంఎం మాత్రమే. అందుకే 25తో మొదలుపెట్టి, చందమామ మీద కుదుర్చుకోండి. ఫోన్‌కి వెనక మూడు కెమెరాలుంటే మెయిన్ కెమెరానే వాడండి. కొన్ని ఫోన్లు చెప్పాపెట్టకుండా ఇంకో లెన్సుకి మారి తెర నల్లగా చేస్తాయి. ఫోన్, క్లాంపు కలిసి బరువే, గొట్టం తూకం తప్పుతుంది. గొట్టాన్ని పట్టి ఉంచే రింగులు వదులు చేసి దాన్ని సరిపడా జరపండి, లేకపోతే గురి నిలవదు.

డీఎస్ఎల్ఆర్ (లెన్సు ఊడదీయగలిగే పెద్ద కెమెరా) అడాప్టర్ మాత్రం ఇప్పుడే వద్దు. మా పక్కింటి కుర్రాడు ఎంతో ఆశగా కెమెరా తెచ్చి బిగిస్తే ఎంత తిప్పినా ఫోకస్ రాలేదు. టెలిస్కోపు పాడైందనుకుని వాడు ఏడుపొక్కటే తక్కువ. ఇందులో టెలిస్కోపు తప్పేం లేదు. టీ-రింగ్ (కెమెరాని టెలిస్కోపుకి కలిపే రింగు) ముఖం నుంచి కెమెరా సెన్సర్ దాకా 55 ఎంఎం దూరం ఉంటుంది. కంటితో చూడడానికి చేసిన చాలా న్యూటోనియన్లలో ఫోకసర్ (ఫోకస్ కోసం ముందుకూ వెనక్కీ జరిగే గొట్టం) అంత లోపలికి పోదు. మధ్యలో బార్లో పెడితే ఫోకస్ బయటికి జరుగుతుంది, అప్పుడు కుదురుతుంది. ఇంకో చిక్కు, టీ-రింగ్ మర 42 ఎంఎం, పిచ్ (మర చుట్ల మధ్య ఎడం) 0.75 ఎంఎం. పాత కెమెరా లెన్సుల మర కూడా 42 ఎంఎమ్మే, కానీ దాని పిచ్ 1. రెండూ చూపుకి ఒకటే. బలవంతంగా తిప్పితే కొంత ఎక్కి బిగుసుకుపోతాయి.

బార్లో కొంటే 2ఎక్స్ చాలు. 10 ఎంఎంతో కలిపితే 130 రెట్లు వస్తుంది. పెట్టె మీద ఐదొందల రెట్లు, ఆరొందల రెట్లు అని అచ్చు వేసే అమ్మకందార్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అద్దం వెడల్పులో ఎంఎంకి రెండు రెట్ల లెక్కన, గాలి నిలకడగా ఉన్న రాత్రి కూడా 130 ఎంఎం అద్దానికి 260 దాటితే మసకే. రంగు ఫిల్టర్ల సెట్టు దండగ. చందమామ ఫిల్టరూ అంతే, డాబా మీద లైటు వేసుకుని చూస్తే కళ్లు చెదరవు. వీధిలో తెల్ల ఎల్‌ఈడీ దీపాలు పెట్టాక ఎలాగూ ఆ అవసరం రావడం లేదు. కిందికి కాకుండా ఆకాశంలోకే వెలుగు చిమ్మే ఆ దీపాలకి మూత పెట్టించగలిగితే ఏ ఫిల్టరూ చేయలేనంత మేలు జరుగుతుంది.

ఒక్క ఫిల్టర్ విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. ఐపీస్‌కి బిగించే సూర్యుడి ఫిల్టర్ ఎవరిచ్చినా పారేయండి. అద్దం పోగుచేసిన వేడంతా దాని మీదే పడి చూస్తుండగానే పగులుతుంది, కన్ను పోతుంది. సూర్యుణ్ణి చూడాలంటే గొట్టం ముందువైపు మొత్తం కప్పే సోలార్ ఫిల్మే వాడండి. ఫోన్ పెట్టినా అంతే. ఫైండర్‌కి (గురి చూసుకునే చిన్న గొట్టానికి) మూత కూడా వేసే ఉంచండి.

ఆర్డర్ పెట్టేముందు ఐపీస్ బ్యారెల్‌ని (టెలిస్కోపులోకి దూరే భాగం వెడల్పుని) స్కేలుతో కొలవండి. 31.7 ఎంఎం ఉంటే, అంటే ఒకటింపావు అంగుళం, దొరికేవన్నీ మీకు పడతాయి. పాత రకం 24.5 ఎంఎం అయితే వేరే అడాప్టర్ కావాలి. ఫోన్ క్లాంపుకి మాత్రం ఐపీస్ పైభాగం బయటి వెడల్పు చూడాలి. "యూనివర్సల్" అన్న మాట నమ్మకుండా, ఎన్ని ఎంఎం నుంచి ఎన్ని ఎంఎం దాకా పడుతుందో అడిగి కొనండి.