సిస్టర్స్‌తో కలిసి భవిష్యత్తు గురించి కూర్చునే సమావేశంలో మా మాట చెల్లుతుందా?

మీరు చాలాకాలంగా ఒక క్యాథలిక్ సిస్టర్స్ సంస్థకు అసోసియేట్‌గా, అంటే సిస్టర్ కాకుండానే ఆ సంస్థ స్ఫూర్తిలో, సేవలో పాలుపంచుకునేవారిగా ఉన్నారు. రాబోయే సంవత్సరాల గురించి ఆలోచించడానికి సిస్టర్స్, గృహస్థ విశ్వాసులు (సన్యాసం తీసుకోని మనలాంటివాళ్ళు) కలిసి కూర్చోబోతున్నారు. అన్నీ ముందే తేల్చేసి మమ్మల్ని మర్యాదకి పిలుస్తున్నారా, ఎలా తయారై వెళ్ళాలి అని అడిగారు. నేనూ అసోసియేట్‌నే. ఇలాంటి సమావేశాలకు వెళ్ళాను, ఒకదానికి ఏర్పాట్ల కమిటీలో పనిచేశాను కూడా. కొన్ని విషయాల్లో మన మాట చెల్లదు, కొన్నిట్లో బాగానే చెల్లుతుంది. ఏది ఎటువైపో ముందే తెలుసుకుని వెళ్ళండి. ఇబ్బందంతా అది తెలియకపోవడం వల్లే వస్తుంది.

చెల్లని వాటి సంగతి ముందు చెప్తాను. 1983 నాటి శ్రీసభ (క్యాథలిక్ చర్చి) చట్టం ప్రకారం సంస్థలో అత్యున్నత అధికారం జనరల్ చాప్టర్‌ది, అంటే సంస్థ మొత్తం తరఫున సిస్టర్స్ కూర్చునే మహాసభది. చాప్టర్‌లో ఓటు సిస్టర్స్‌కే. సంస్థ ఆస్తులు శ్రీసభ ఆస్తుల కిందికి వస్తాయి. వాటిని అమ్మాలంటే సంస్థ అధికారిణి (సుపీరియర్) రాతపూర్వక అనుమతి, ఆమె సలహామండలి సమ్మతి కావాలి. విలువ ఒక పరిమితి దాటితే రోమ్ అనుమతి కూడా ఉండాలి. నేను వెళ్ళిన ఒక సమావేశంలో ఒక పాత మఠం భవనం గురించి మధ్యాహ్నమంతా చర్చించాం. ఉంచాలని ఎంతోమంది కన్నీళ్ళతో మాట్లాడారు. సాయంత్రం టీ దగ్గర తెలిసింది, దాన్ని అమ్మాలని ఎప్పుడో నిర్ణయించి కాగితాలు పంపేశారని. అమ్మడం తప్పని నేను అనను. కానీ ఆ సంగతి పొద్దున్నే చెప్పి ఉంటే, అక్కడ నడిచే సేవను ఎక్కడికి మార్చాలో మాట్లాడుకునేవాళ్ళం.

ఇక చెల్లే వాటి దగ్గరికి వస్తే, మనం ఏదో సాయానికి వచ్చిన బయటివాళ్ళం అనుకోవద్దు. పునీత విన్సెంట్ డి పాల్ 1617లో ఫ్రాన్స్‌లోని షాటియాన్ అనే ఊళ్ళో పేదల సేవకు ముందు కూడగట్టింది గృహస్థ స్త్రీలనే. లూయీజ్ దె మారియాక్‌తో కలిసి డాటర్స్ ఆఫ్ ఛారిటీ సిస్టర్స్ సంస్థను మొదలుపెట్టింది ఆ తర్వాత, 1633లో. సంస్థకు దక్కిన వరాన్ని, అంటే దాని ప్రత్యేక స్ఫూర్తిని, గృహస్థులతో పంచుకోవచ్చని, ఈ బంధంలో కొత్త అధ్యాయం మొదలైందని రెండవ జాన్ పాల్ పోపుగారు 1996లో వీటా కాన్సెక్రాటా పత్రంలో రాశారు. అవసరం కూడా ఉంది. 1970ల ఆరంభంలో ప్రపంచమంతటా దాదాపు 10 లక్షల మంది సిస్టర్స్ ఉండేవారు. 2022 చివరికి ఆ సంఖ్య 6 లక్షల లోపుకి వచ్చింది. అమెరికాలో కొన్ని సంస్థలు తమ ఆసుపత్రుల బాధ్యతను గృహస్థులు కూడా ఉండే శ్రీసభ మండళ్ళకు అప్పగించాయి. కాబట్టి సేవను ఎవరు నడపాలి, కొత్తవాళ్ళను ఎలా తయారుచేయాలి, సంస్థ స్ఫూర్తిని ఎవరు కాపాడాలి అన్న ప్రశ్నల్లో మన మాట బరువైనదే.

గదిలో జరిగే అసలు కథ వేరే ఉంటుంది. గృహస్థులందరూ ఒకే రకం కాదు. మాట ఇచ్చి అసోసియేట్ అయినవారు కొందరు, సిస్టర్స్ నడిపే స్కూల్లోనో ఆసుపత్రిలోనో జీతానికి పనిచేసేవారు కొందరు. ప్రిన్సిపాల్ సిస్టర్ ఎదురుగా కూర్చుంటే ఆ స్కూల్ టీచర్ ఏం మాట్లాడుతుంది? "అంతా బాగుంది సిస్టర్" అంటుంది. మేం కమిటీలో పట్టుబట్టి, జీతం ఇచ్చేవారినీ తీసుకునేవారినీ ఒకే గ్రూపులో వేయకుండా చూశాం. ఆ ఒక్క మార్పుతో మాటల రంగే మారిపోయింది.

పెద్ద వయసు సిస్టర్స్ తరచుగా మౌనంగా ఉంటారు. మనం 'భవిష్యత్తు' అంటుంటే వాళ్ళకు 'మూసివేత' అని వినిపిస్తుంది. చేత్తో కట్టిన సంస్థలు చేతుల్లోంచి జారిపోతుంటే బాధ ఉండదా? ముందు ఆ బాధకు కొంత సమయం ఇవ్వండి, ప్లాన్లు తర్వాత. చిన్న సిస్టర్స్ సంగతి ఇంకోటి. వాళ్ళు కొద్దిమందే, పెద్దల ముందు నోరు విప్పరు. తీసుకునే నిర్ణయాలతో ఇంకో నలభై ఏళ్ళు బతకాల్సింది మాత్రం వాళ్ళే. నా మటుకు నాకు, మొదటి రౌండ్‌లో ముందు మాట వాళ్ళకే ఇవ్వాలనిపిస్తుంది.

రౌండ్ అంటే, 2023, 2024లో రోమ్‌లో జరిగిన సినడ్ (శ్రీసభ సంప్రదింపుల సభ) సమావేశాల్లో గుండ్రటి బల్లల చుట్టూ వాడిన పద్ధతి. మొదట ఒక్కొక్కరు వంతుగా మాట్లాడతారు, ఎవరూ జవాబివ్వకూడదు. కాసేపు మౌనం. తర్వాత ఇతరుల మాటల్లో తమను కదిలించినది చెప్తారు. మళ్ళీ మౌనం, చివర్లో చర్చ. మొదట నాకు ఇది సాగదీతలా అనిపించి చిరాకేసింది. కానీ గట్టిగా మాట్లాడే నాలాంటివాళ్ళకు కళ్ళెం వేయడానికి దీన్ని మించింది చూడలేదు. డబ్బు లెక్కల దగ్గర మాత్రం ఇది పనికిరాదు. అక్కడ కాగితాలు ముందుగా చేతికి రావాలి, అంతే.

తయారీ అంటారా, సంస్థాపకురాలి ఉత్తరాలో జీవితచరిత్రో కాస్త చదువుకుని వెళ్ళండి. "మా చిన్నప్పుడు సిస్టర్స్ ఎంత బాగా చూసుకునేవారో" అనే జ్ఞాపకాలు అందరి దగ్గరా బోలెడు, వాటితో ఒక పూట సులువుగా గడిచిపోతుంది. సిస్టర్స్ ఏం చేయాలో చెప్పేముందు మీరు ఏ పని ఎత్తుకోగలరో, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో ఇంట్లో మాట్లాడుకుని రండి. "శనివారాలు రోగుల ఇళ్ళకు నేను వెళ్తాను" అని ఒకావిడ అనగానే మా గ్రూపులో చర్చ నేల మీదికి వచ్చింది.

ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. మీ అసోసియేట్ల బాధ్యత చూసే సిస్టర్‌గారిని మర్యాదగానే రెండు సంగతులు అడగండి. ఎజెండాలో ఏవి ఇంకా తేలలేదు, ఏవి కేవలం మాకు తెలియజేయడానికి? మేం చెప్పినవి చాప్టర్‌కు ఎలా చేరతాయి? చాప్టర్‌కు సూచనలు పంపే హక్కు ప్రతి సిస్టర్‌కూ చట్టంలోనే ఉంది. కాబట్టి మీ గ్రూపు మాటను రాసి ఒక సిస్టర్ ద్వారా పంపించడానికి అడ్డేమీ ఉండదు. అయితే ఎజెండా అచ్చుకి వెళ్ళకముందే అడగండి, ఆ తర్వాత మార్చమంటే ఎవరికైనా టెన్షనే.