‘ద గ్లోరీ’లో డోంగ్ ఉన్ బాధితురాలా, మనుషుల్ని ఆడించిన మనిషా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది. నెట్‌ఫ్లిక్స్‌లోని కొరియన్ సిరీస్ ‘ద గ్లోరీ’ మీద మీ బృందంలో సగం మంది, మూన్ డోంగ్ ఉన్ బడిలో తోటిపిల్లల చేతిలో అంత నరకం చూసింది కాబట్టి పెద్దయ్యాక పగతో ఆమె చేసిందంతా న్యాయమే అంటున్నారు. మిగతా సగం ఆమె కూడా, తనను హింసించిన ముఠా నాయకురాలు పార్క్ యోన్ జిన్‌లాగే మనుషుల్ని పావుల్లా వాడుకుంది, చిన్నపిల్లను కూడా వదల్లేదు అంటున్నారు. ఈ సిరీస్‌ను పదేపదే చూసి, దీని మీద వాదనలు చాలా నడిపిన అనుభవంతో చెబుతున్నాను. ముగింపు దాకా అన్నీ విప్పి చెప్పాల్సి వస్తుంది. చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ఆడించింది. అందులో వాదన లేదు. అది ఒప్పుకోకుండా మొదలుపెడితే మీ చర్చ తెల్లారినా తెగదు. తేలాల్సింది వేరే: ఎవరిని ఆడించింది, నిజం చెప్పి ఆడించిందా, అబద్ధం చెప్పా, ఆ మనిషికి కాదనే వీలుందా? ఒక్కో పాత్రనూ ఈ మూడింటితో కొలవండి. జవాబు మనిషికో రకంగా వస్తుంది, రావాలి కూడా.

గొడవ ఎక్కడ చెడుతుందో కూడా చెబుతాను. మొదటి 8 ఎపిసోడ్లు 2022 డిసెంబరు 30న వచ్చాయి, మిగతా 8 ఎపిసోడ్లు 2023 మార్చి 10న. నడుమ 70 రోజులు. మొదటి భాగం చూసి అభిప్రాయం గట్టిపడిపోయినవాళ్లు చాలామంది రెండో భాగాన్ని ఆ అభిప్రాయానికి సాక్ష్యం వెతుక్కోవడానికే చూశారు. కానీ డోంగ్ ఉన్ మీద గట్టి అభియోగాలన్నీ రెండో భాగంలోనే ఉన్నాయి. మీవాళ్లలో మొదటి భాగంతో ఆగినవాళ్లుంటే ముందు వాళ్లను పూర్తి చేయమనండి.

ఇక గతం. జుట్టు వంకీలు తిప్పే కర్లింగ్ ఐరన్‌తో డోంగ్ ఉన్‌ను కాల్చిన దృశ్యాలు అందరికీ గుర్తుంటాయి. 2006లో చోంగ్‌జు నగరంలో ఒక బడిపిల్లకు నిజంగానే ఇలాంటిది జరిగింది. అయితే ఆమె పథకం ఎందుకలా ఉందో అర్థం కావాలంటే ఆ వాతల కంటే బడిలోని ఇంకో దృశ్యం చూడాలి. బడి మానేస్తూ దరఖాస్తులో కారణం దగ్గర తనను హింసించినవాళ్ల పేర్లు రాస్తుంది. క్లాసు టీచరు తాపీగా చేతి గడియారం విప్పి పక్కన పెట్టి, ఆమె చెంపలు వాయిస్తాడు. ఆ తర్వాత కన్నతల్లి డబ్బు పుచ్చుకుని ఆ కారణాన్నే మార్పించి సంతకం పెడుతుంది. పోలీసులు, బడి, తల్లి, ముగ్గురూ అయిపోయారు. ఇక నేరుగా వెళ్లి అడిగే గుమ్మం మిగల్లేదు. పెద్దయ్యాక కూడా మాంసం పెనం మీద సుయ్‌మంటే చాలు, ఒళ్లంతా మళ్లీ కాలినట్టు అల్లాడిపోతుంది. దాన్ని దర్శకుడు ఆన్ గిల్ హో ఏడుపులతో కాకుండా ఆ ఒక్క శబ్దంతో చూపించాడు. ఆ గాయం ఇంకా పచ్చిగానే ఉందని నమ్మించేది అదే.

చట్టం సంగతి చర్చల్లో ఎవరూ ఎత్తరు. కథలో హింస జరిగింది 2004లో. పగ తీరే నాటికి ఆ దెబ్బలకు కేసు పెట్టే గడువు ఎప్పుడో దాటిపోయింది. కానీ హత్యకు గడువు లేకుండా కొరియాలో 2015లో చట్టం మార్చారు. అప్పటికి గడువు ముగియని పాత హత్యలకు కూడా అది వర్తిస్తుంది. అందుకే పథకం మొత్తం డోంగ్ ఉన్ ఒంటి మీది వాతల చుట్టూ కాక, ఆమె కంటే ముందు అదే ముఠాకు చిక్కి, మేడ మీంచి పడి చనిపోయిన యూన్ సో హీ చుట్టూ తిరుగుతుంది. సో హీ శవాన్ని ఆసుపత్రి మార్చురీలో అన్నేళ్లు భద్రపరచడం అందుకే పనికొచ్చింది. ‘కోర్టుకెళ్లొచ్చుగా’ అనేవాళ్లకు ఇది చెప్పండి.

యోన్ జిన్‌తో కలిసి హింసించిన నేరస్థుల ముఠా గురించి ఎక్కువ సేపు కూర్చోవద్దు. సా రాకు మత్తుమందు, హే జోంగ్‌కు అసూయ, మ్యోంగ్ ఓకు డబ్బాశ, జె జున్‌కు తలపొగరు. ఎవరి బలహీనత ఏదో ఆమెకు తెలుసు, దాన్నే కదిపింది. సా రా పెన్సిల్‌తో హే జోంగ్ గొంతులో పొడిచినప్పుడు ఆ పెన్సిల్ ఎవరూ చేతికివ్వలేదు. ముల్లును ముల్లుతో తీసింది, అంతే. వీళ్ల విషయంలో నాకు ఏ సంకోచమూ లేదు.

కాంగ్ హ్యోన్ నామ్ దగ్గర ఆగండి. భర్త చేతిలో రోజూ దెబ్బలు తినే ఈమె డోంగ్ ఉన్ రహస్యం కనిపెట్టి తనంతట తానే వచ్చి బేరం పెడుతుంది: నీ పని నేను చేస్తా, నా మొగుణ్ణి చంపించు. ఆ తర్వాత కారు నడపడం నేర్చుకుంటుంది, కెమెరా పట్టుకుని యోన్ జిన్ మనుషుల వెంట తిరుగుతుంది. చివరికి ఆమె భర్తను కారుతో గుద్ది చంపేది యోన్ జిన్ తల్లి. ఒక దెబ్బకు రెండు పనులు. ఇది తప్పా ఒప్పా అనే ముందు వాళ్లిద్దరి పిలుపులు వినండి. డోంగ్ ఉన్ ఆమెను ‘ఇమోనిమ్’ అంటుంది. ఇమో అంటే అమ్మ చెల్లెలో అక్కో, అంటే ‘పిన్నిగారు’ అన్నట్టు. పెద్దావిడ తిరిగి ఈ చిన్నదాన్ని ‘సమోనిమ్’ అంటుంది, మనం ‘మేడంగారు’ అన్నంత మర్యాదగా. సబ్‌టైటిళ్లలో ఇది సరిగ్గా దిగదు. పనిమనిషిని పిలిచినట్టు మొదలైన ‘పిన్నిగారు’ పోనుపోను నిజం పిన్ని అవుతుంది. ఆమె కూతురికి పాఠాలు చెప్పి, విదేశం పంపి, ఒడ్డున పడేసేది డోంగ్ ఉనే. ఆడించుకునే మనిషితో ఎవరూ అలా ఉండరు. హ్యోన్ నామ్‌కు అన్నీ తెలుసు, కాదనే వీలూ ఉంది. కాబట్టి ఇది ఒప్పందం. నేరపు ఒప్పందమే, కానీ మోసం కాదు.

పిలుపుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. డోంగ్ ఉన్ తన మనసులోని మాటలన్నీ ‘యోన్ జినా’ అని మొదలుపెడుతుంది. చివర్లో ఆ ‘ఆ’ చనువున్నవాళ్లను పిలిచే తీరు. మనం రాముణ్ణి పిలిచేటప్పుడు ‘రామా’ అని దీర్ఘం తీస్తాం చూడండి, అలా. స్నేహితురాలికి ఉత్తరం రాసినంత దగ్గరితనంతో పగ మాట్లాడుతుంది. సోంగ్ హే క్యో ఆ పిలుపులో గొంతు ఒక్కసారి కూడా పెంచదు. రచయిత్రి కిమ్ ఉన్ సూక్ ఈ పాత్రలో చేసిన అన్నిటికంటే గొప్ప పని ఇదేనని నా అభిప్రాయం.

యోన్ జిన్ భర్త హా దో యోంగ్ కోసం డోంగ్ ఉన్ బదుక్ నేర్చుకుంటుంది, అంటే ‘గో’ అనే బల్లాట. నల్లరాళ్లు, తెల్లరాళ్లు, 19 గీతలు అడ్డంగా, 19 నిలువుగా, 361 కూడళ్లు. చదరంగంలోలా రాజును పట్టడం ఉండదు, ఖాళీ జాగాను చుట్టుముట్టి సొంతం చేసుకోవాలి. అలా గెలిచిన ప్రతి చోటునూ కొరియన్‌లో ‘చిప్’ అంటారు, దానికి ఇల్లు అనే అర్థం. యోన్ జిన్ ఇంటికి ఎదురుగా అద్దెకు దిగి కిటికీలోంచి చూస్తూ ఆ ఇంటిని కూల్చే మనిషికి ఇంతకంటే సరైన ఆట దొరకదు. దో యోంగ్‌కు మొదట ఏమీ తెలియదు. అక్కడ ఆమె అచ్చంగా వల వేసింది. అయితే అతనికి అందించిన ప్రతి సంగతీ నిజమే. నిజం తెలిశాక ఏం చేయాలో ఎంచుకున్నది అతనే.

యోన్ జిన్ కూతురు యే సోల్. మీ రెండో సగం వాదన ఇక్కడ గెలుస్తుంది, గెలవనివ్వండి. పగవాడి పిల్లకు క్లాసు టీచరుగా చేరడమంటే ఆ తల్లిని రోజూ భయంతో చంపడం. తరగతిలో డోంగ్ ఉన్ ఆ పాపను ఒక్క మాట అనదు, చెయ్యెత్తదు. అయినా ఆ పాప ఇల్లు, తండ్రి, తల్లి, ముగ్గురి అర్థాలూ ఒక్క ఏడాదిలో తారుమారయ్యాయి. తెలిసి ఒప్పుకోలేదు, కాదనే వయసు లేదు. మూడింటిలో రెండు కొలతలు ఇక్కడ తప్పాయి. అసలు తండ్రి జె జున్ అని బయటపడటానికి ఆధారం ఇద్దరికీ ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోవడం. కథలో ఈ లెక్క సరిగ్గానే వేశారు. ఈ లోపం ఎక్స్ క్రోమోజోమ్ మీద వస్తుంది. ఆడపిల్లకు రావాలంటే తండ్రికీ ఉండాలి, తల్లి కూడా మోస్తుండాలి. చూపు బాగున్న దో యోంగ్‌కు అలాంటి కూతురు పుట్టే అవకాశం దాదాపు లేదు. అంటే ఒక పసిపిల్ల కంటి లోపమే పథకంలో ఆయుధమైంది. చివరకు దో యోంగ్ ఆమెను కన్నకూతురిలాగే వెంటబెట్టుకుని దేశం దాటుతాడు. అది దో యోంగ్ మంచితనం. ఆ పుణ్యం డోంగ్ ఉన్ ఖాతాలో వేయకండి.

అన్నిటికంటే బరువైనది మాత్రం చర్చల్లో ఎక్కువగా జారిపోయే కిమ్ క్యోంగ్ రాన్ సంగతి. సో హీ, డోంగ్ ఉన్‌ల తర్వాత ఆ ముఠాకు చిక్కిన మూడో పిల్ల. పెద్దయ్యాక కూడా జె జున్ దుకాణంలోనే ఉద్యోగం, అంటే వాళ్ల నీడలోనే బతుకు. మ్యోంగ్ ఓను సీసాతో కొట్టింది యోన్ జిన్. కానీ అప్పటికి అతను ఇంకా బతికే ఉన్నాడు, ప్రాణం తీసిన దెబ్బ క్యోంగ్ రాన్‌ది. ఇది తెలిసీ డోంగ్ ఉన్ బయటపెట్టదు. ఆ హత్య మొత్తంగా యోన్ జిన్ మీద పడనిస్తుంది. అంతదాకా నిజాలే ఆయుధాలుగా వాడిన మనిషి ఇక్కడ మొదటిసారి అబద్ధాన్ని నిలబెట్టింది, అదీ తనలాంటి ఇంకో బాధితురాలిని కాపాడటానికి. యోన్ జిన్ చేయని పనికి శిక్ష అనుభవిస్తోంది. సో హీ విషయంలో తప్పించుకున్న శిక్షే ఇది అని సరిపెట్టుకోవచ్చా? నేను సరిపెట్టుకోలేను, అలాగని క్యోంగ్ రాన్‌ను పట్టివ్వమని కూడా అనలేను.

మీరు మళ్లీ కూర్చున్నప్పుడు 16 ఎపిసోడ్లూ తిరగెయ్యక్కర్లేదు. గడియారం విప్పే దృశ్యం, హ్యోన్ నామ్ బేరం, బదుక్ క్లబ్బులో మొదటి ఆట, యే సోల్ తరగతి గది, చివరగా క్యోంగ్ రాన్‌తో మాట్లాడే దృశ్యం, ఈ ఐదూ ఇదే వరుసలో వేసి ఒక్కోదాని తర్వాత ఆపండి. వరుస తిప్పి క్యోంగ్ రాన్‌తో మొదలుపెడితే సో హీ ఎవరో, ఆ పిల్లకు ఏమైందో గుర్తులేనివాళ్లు ముందే తీర్పు చెప్పేస్తారు.